తాడు పట్టిన చేతులు

రోజూ దీపాలు పెట్టే వేళకు మా అన్న వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంటాడు. గిన్నెలో వెచ్చచేసిన ఆముదం తెచ్చుకుంటాడు. ముందు ఎడమ కాలు, తర్వాత కుడి కాలు. మడమ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా రుద్ది, చివర బొటనవేలిని రెండు వేళ్లతో పట్టి నొక్కుతాడు.

"తెలుస్తాందా?" అంటాడు.

"కొంచెం తెలుస్తాందన్నా," అంటాను.

అబద్ధం. నడుము కింద నాకు ఏమీ తెలియదు. ఒక చలికాలం కుంపటి కాలికి ఆనుకుంటే, వాసన వచ్చాకే చూసుకున్నాను. అయినా ఆ ఒక్క మాట కోసం మా అన్న గోవిందు పొద్దున్నుంచీ కాచుకుని ఉంటాడు. అది విన్నాక గిన్నె కడుక్కుని సంగటి తినడానికి లేస్తాడు. అనడానికి నాకేం పోయింది.

నేను మెత్తటివాణ్ణి కాదు. కాళ్లున్నప్పుడు కోపం వస్తే వీధిలోకి పోయి బీడీ కాల్చుకుని వచ్చేవాణ్ణి. ఇప్పుడు పోలేను కాబట్టి ఆ కోపం కూడా నాతోనే మంచం మీద ఉంటుంది. నా భార్య దేవమ్మ నాకూ ఆ కోపానికీ, ఇద్దరికీ చాకిరీ చేస్తోంది. ఎమ్మిగనూరులో మగ్గాల వీధి వెనక మా ఇల్లు, పక్క సందులో అన్న గుడిసె. ఆమె నేతగాళ్లకు కండెలు చుడుతుంది. నేనూ మంచం పక్కన రాట్నం పెట్టుకుని చుడతాను. చేతులకు ఏ లోపమూ లేదు. పొద్దంతా మగ్గాల చప్పుడు వింటూ దారం తిప్పుతుంటే ఆలోచన రాదు. నాకు కావలసింది అదే.

మా పుట్టిన ఊరు గోనెగండ్ల. బావులు తవ్వే, పూడిక తీసే ఇల్లు మాది. ఆ పనికి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. బావిలో దిగేవాడి నడుముకు కట్టిన తాడును పరాయివాడు పట్టకూడదు. కన్నవాడు పట్టాలి, లేదా తోడబుట్టినవాడు, లేదా కడుపున పుట్టినవాడు. తప్పనిసరై పరాయివాడి తాడు పట్టాల్సి వస్తే, దిగే ముందు ఇద్దరూ ఒకే కంచంలో ముద్ద తినాలి. తాడు పట్టినవాడు పని అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు, బీడీ ముట్టించకూడదు. పాత బావుల్లో అడుగున చెడుగాలి ఉంటుంది. పూడిక కదిలిస్తే బుడగలుగా లేస్తుంది, కుళ్లిన వాసన కొడుతుంది. ఆ వాసన పైకి తగిలిందంటే లోపల మనిషికి ఊపిరి లేదని అర్థం. అప్పుడు ఆలోచించే పని లేదు. లాగడమే. గోడకు తగిలి చర్మం లేచిపోయినా సరే, లాగడమే.

మా నాయన గిడ్డయ్య గూడూరు పక్కన ఒక తోట బావిలో పోయాడు. ఆ రోజు తాడు పట్టింది గోవిందన్న. అప్పటికి వాడికి మీసం కూడా రాలేదు. వాసన తగిలింది. వెంటనే లాగకుండా, లోపలికి వంగి "నాయనా" అని పిలిచాడు. జవాబు వస్తుందేమోనని చూశాడు. మళ్లీ పిలిచాడు. ఆ తర్వాత లాగాడు. పైకి వచ్చిన నాయన నోట్లో మట్టి ఉంది, ఊపిరి లేదు. ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు. అనాల్సినదంతా వాడే అనుకున్నాడు, ఏళ్ల తరబడి. పెండ్లి మాట ఎత్తితే లేచి పోయేవాడు. ఆ తర్వాత ఎవరి తాడు పట్టినా, లోపలివాడు దగ్గినా లాగేసేవాడు. ఊళ్లో నవ్వేవాళ్లు. వాడు నవ్వేవాడు కాదు.

నేను వేరే దారిన పోయాను. బావుల్లో పడిన బొక్కెనలు, చెంబులు తాడుకు కట్టి వేసే కొక్కేల పాతాళగరిగెకు చిక్కకపోతే మునిగి తీసేవాణ్ణి. తుంగభద్ర కాలువ తూము దగ్గర తలుపు ఇరుక్కుంటే మద్రాసు నుంచి డైవింగ్ కంట్రాక్టరు వచ్చాడు. నేను ఊపిరి బిగబట్టి అడుగున ఉండే సేపు చూసి వెంట తీసుకుపోయాడు. డెబ్బైల్లో చాలా ఏళ్లు మద్రాసు హార్బర్లో పనిచేశాను. ఓడల కింద నాచు గీకడం, మునిగిన పడవలకు ఇనుపతాళ్లు తగిలించడం, నీళ్లలో ఇనుము కోయడం. ఒంటికి రబ్బరు పట్టించిన కాన్వాసు ఉడుపు, కాళ్లకు సీసం బూట్లు, రొమ్ము మీద సీసం దిమ్మెలు, తలకు అద్దాలున్న ఇత్తడి టోపీ. టోపీని మెడ చుట్టూ ఉన్న పట్టీకి తిప్పి బిగిస్తారు. పైన ఇద్దరు మనుషులు పంపు చక్రం తిప్పుతుంటే రబ్బరు గొట్టంలో గాలి వస్తుంది. ఒకడు తాడు పట్టుకుంటాడు. ఆ తాడే మాట. ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే ఆపమని, గబగబా లాగితే పైకి తియ్యమని.

అక్కడ మా మేస్త్రీ మొదటి వారం నన్ను నీళ్లలోకి దించనేలేదు. గోలీసోడా ఒకటి తెప్పించాడు. గోలీని గభాలున నొక్కాడు. బుస్సుమని పొంగి సగం నేలపాలయింది. ఇంకొకటి తెప్పించి, గోలీని కొంచెం కొంచెంగా నొక్కుతూ, గాలిని సన్నగా వదిలాడు. నురగ రాలేదు. లోతున ఉన్న మనిషి ఒంట్లో గాలి ఇట్లాగే నీళ్ల బరువుకు అణిగి నెత్తుట్లో కలిసిపోతుందని చెప్పాడు. నిదానంగా పైకి తెస్తే వచ్చిన దారినే పోతుంది. గబుక్కున తెస్తే నెత్తురు సోడా అవుతుంది. బుడగ కీలులో నిలిస్తే నొప్పి, వెన్నులో నిలిస్తే కాళ్లు పోతాయి, ఇంకా పైన నిలిస్తే ప్రాణమే. అందుకే ఎంత లోతున ఎంతసేపు ఉన్నామో దాన్ని బట్టి పైకి వచ్చే దారిలో ఆగాలి. నీళ్ల మధ్యలో తాడుకు వేలాడుతూ, ఏ పనీ లేకుండా, ఆగాలి. కొత్తలో నాకు ఆ ఆగడం కన్నా విసుగు పుట్టించేది లేదు. తర్వాత అలవాటయింది.

ఎనభై ఒకటి వేసవిలో జొన్నగిరి దగ్గర పని పడింది. అక్కడ ఎప్పటిదో పాత బంగారు గని గొయ్యి ఒకటి ఉంది, నిట్టనిలువుగా, నిండా నీళ్లతో. లోపల ఏముందో చూడాలని నీళ్లు తోడుతుంటే పంపు గొట్టం అడుగున ఇరుక్కుంది. మద్రాసు కంట్రాక్టరు నన్నే పంపాడు, మన జిల్లా కదా అని. నాతో వచ్చిన తాడు మనిషికి జ్వరం తగిలి ఆదోనిలో లాడ్జీలో పడ్డాడు. నేను గోవిందన్నకు కబురు పెట్టాను. మద్రాసులో అన్నేళ్లు పరాయివాళ్ల చేతుల్లో నా తాడు పెట్టాను కానీ, మన నేల మీద గొయ్యిలో దిగుతూ అన్న చేతిలో తాడు ఉందంటే కలిగిన నెమ్మది వేరు.

వాడు గొయ్యిలోకి తొంగి చూశాడు. "బాయే గదరా," అన్నాడు.

బావి కాదని చెప్పాను. తాడుకు గుడ్డపీలికలు కట్టి చూపించాను. నేను పైకి వచ్చేటప్పుడు ఎర్ర పీలిక చేతికి తగలగానే ఆపాలని, చాలాసేపటి తర్వాత తెల్ల పీలిక దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆపాలని చెప్పాను. తలూపాడు. మళ్లీ చెప్పించుకుని మళ్లీ తలూపాడు.

అడుగున గంటకు పైనే పని పట్టింది. గొట్టం వదిలింది. అప్పుడు గోడకు ఆనించి ఉన్న పాత దుంగ ఒకటి జారి బురదలో పడింది. నాకు తగలలేదు. బురద మాత్రం లేచింది. ఎన్నేళ్ల నుంచో అడుగున ఉన్న చెడుగాలి బుడగలు బుడగలుగా నా టోపీ పక్కనుంచి పైకి పోయింది. నాకేమీ కాలేదు. నాకు గొట్టంలో మంచి గాలి వస్తూనే ఉంది. బాగున్నానని చెప్పడానికి తాడు మీద చెయ్యి వేశాను. ఆ లోపలే తాడు బిగుసుకుంది.

పైన ఏం జరిగిందో తర్వాత విన్నాను. నీళ్లు నల్లగా మరిగి, కుళ్లిన వాసన వచ్చింది. గోవిందన్న పీలికలను చూడలేదు. ఎర్రది, తెల్లది రెండూ వాడి చేతుల్లోంచే పోయాయి. చుట్టూ ఉన్న కూలీలు కూడా వచ్చి తాడు పట్టారు. నేను కింద ఆపమని రెండేసి సార్లు లాగుతూనే ఉన్నాను. అంతమంది లాగే తాడుకు నా ఒక్క చేతి లాగుడు ఏం తెలుస్తుంది?

నన్ను ఒడ్డున పడేసి టోపీ విప్పారు. నేను లేచి నిలబడ్డాను. నడిచాను కూడా. అన్న నన్ను కరుచుకుని ఏడ్చాడు. పెద్దవాడయ్యాక వాడు ఏడవడం నేను చూడటం అదే మొదలు.

"నాయన్ని లాగలేకపోతి లక్ష్మప్పా," అన్నాడు. "నిన్ను లాగినా. నిన్ను లాగినా సూడు."

నేను ఏదో అనబోయాను. తిట్టేవాణ్ణే. టోపీ లోపల తయారుచేసుకున్న తిట్లు నోటి దాకా వచ్చాయి. వాడి మొహం చూసి ఆగిపోయాను. పైగా ఏమీ కాలేదు కదా అనుకున్నాను. కొన్నిసార్లు ఏమీ కాదు కూడా. టీ తాగాను. టీ తాగుతుండగా అరికాళ్లలో చీమలు పాకినట్టయింది. తర్వాత మోకాళ్ల దాకా. లేవబోతే కాళ్లు రాలేదు.

అదేమిటో నాకు తెలుసు. హార్బర్లో ఒకణ్ణి చూశాను. అట్లాంటివాణ్ణి వెంటనే గాలి ఒత్తిడి పెట్టే ఇనుప గదిలో పడుకోబెట్టి, నిదానంగా ఒత్తిడి తగ్గించాలి. ఆ గది నౌకాదళం వాళ్ల దగ్గర ఎక్కడో సముద్రం ఒడ్డున ఉంది. మేము జొన్నగిరిలో ఉన్నాం. జీపులో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు చేతనయినదంతా చేశాడు. సముద్రం ముఖం చూడని ఊళ్లో ఆ జబ్బు ఆయనకు ఎదురుపడే దారి ఏది? బళ్లారికి, ఆ తర్వాత ఇంకా పెద్ద ఆసుపత్రికి పోయేసరికి నాళ్లు గడిచిపోయాయి.

ఊరు ఊరంతా గోవిందన్నను మెచ్చుకుంది. గని నీళ్లలో గాలి సోకి కాళ్లు పోయాయి గానీ, వాడు లాగకపోతే మనిషే దక్కేవాడు కాడన్నారు. వాడు నాకోసం మంత్రాలయంలో సేవ పట్టాడు. ఉరుకుంద ఈరన్నకు పొర్లుదండాలు పెట్టాడు. మొక్కులన్నీ కాళ్ల కోసమే. ప్రాణం సంగతి వాడే చూసుకున్నాడు కదా. వాడి నడకలో మార్పు వచ్చింది. నాయన పోయిన నాటి నుంచి నేల చూస్తూ నడిచినవాడు తల ఎత్తుకుని నడవడం మొదలుపెట్టాడు. టీ అంగట్లో పిలిచి కూర్చోబెట్టేవాళ్లు. వాడు ఆ కథ చెప్పేవాడు. నా ముందర కూడా చెప్పేవాడు. నేను దారం తిప్పుతూ వినేవాణ్ణి. మొదట్లో వాడు "లాగినా" అన్న చోట పళ్లు కొరికేవాణ్ణి. తర్వాత అది కూడా పోయింది. కాళ్లకు పట్టిన మొద్దు మెల్లగా పైకి పాకి నా లోపలికీ వచ్చిందేమో. అన్న మీద కోపం లేదు, జాలి లేదు. వాడు చెబుతాడు, నేను దారం తిప్పుతాను. మూడేళ్లు అట్లా గడిచాయి.

ఎనభై నాలుగులో ఆదోని నుంచి భీమసేనరావు గారు వచ్చారు. జొన్నగిరి పని అజమాయిషీ చూసే మనిషి ఆయన. పంచె, కోటు, చేతిలో గొడుగు. ఎవరితోనైనా మర్యాదగా మాట్లాడతారు. వెంట ఒక యువకుణ్ణి తెచ్చారు. పేరు కాశప్ప, ఎమ్మిగనూరు మగ్గాల ఇంటివాడే. నౌకాదళంలో డైవింగ్ నేర్చుకుని వచ్చాడట. ఇప్పుడు ఇత్తడి టోపీలు పోయాయి, వీపున గాలి సిలిండర్లు కట్టుకుని చేపలాగా తిరుగుతారని చెప్పాడు. ఆ గొయ్యిలో మళ్లీ పంపు గొట్టం ఇరుక్కుంది. కాశప్ప దిగబోతున్నాడు. వాడితో వచ్చే తాడు మనిషి కూడా ఉన్నాడు కానీ అక్కడి కూలీలు ఒప్పుకోవడం లేదట. ఆ గొయ్యి మనిషిని పట్టుకుంటుందని, దాని నోట్లోంచి ఒకణ్ణి లాగినవాడు ఒక్కడే ఉన్నాడని, ఆ గోవిందన్న తాడు పడితేనే పంపు దగ్గర నిలబడతామని అన్నారట.

"మీ అన్నయ్య చేతి మహిమ అంతటిదయ్యా," అన్నారు భీమసేనరావు గారు.

గోవిందన్న తలుపు దగ్గర నిలబడి విన్నాడు. వాడి మొహం చూడలేక నేను రాట్నం వైపు తిరిగాను. కాశప్ప మాత్రం తాడుకు కట్టిన గుర్తుల గురించి, ఎక్కడ ఆపాలో దాని గురించి అన్నకు వివరంగా చెబుతున్నాడు. మధ్యలో గాలి చాలకపోతే పట్టుకోవడానికి ఆ గుర్తు దగ్గరే ఇంకో సిలిండరు కట్టి వేలాడదీస్తానన్నాడు. మంచి ఏర్పాటే. అన్న తలూపాడు. మళ్లీ తలూపాడు. ఆ తలూపడం నేను ఇంతకుముందు చూశాను.

వాళ్లు వెళ్లాక దేవమ్మ నా ముందర కూర్చుంది. నా కాళ్లు ఎందుకు పోయాయో ఆమెకు తెలుసు. మద్రాసు నుంచి పాత స్నేహితుడొకడు చూడటానికి వచ్చినప్పుడు మా మాటలు విన్నది. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎత్తలేదు. బావగారి వరసలో వాడికి అన్నం పెడుతూనే ఉంది, కొంగు కప్పుకుని పక్కకు తప్పుకుంటూనే ఉంది.

"సెప్తావా, లేదా?" అంది.

చెబితే వాడు మళ్లీ నేల చూస్తూ నడుస్తాడు. ఒకసారి లేటయి నాయన పోయాడు, ఒకసారి తొందరపడి తమ్ముడి కాళ్లు పోయాయి. ఆ రెండూ మోస్తూ వాడెట్లా బతుకుతాడు? కాశప్ప చదువుకున్నవాడు, వాడి జాగ్రత్త వాడు చూసుకుంటాడని దేవమ్మతో అన్నాను.

"నువ్వు సూసుకోల్యా?" అంది. "నీకు తెల్దా? కాశప్పకు పోయిన మాఘంలో పెండ్లాయ. ఆ పిల్ల నా తోనే కండెలు సుడతాంది. నేను సేసే చాకిరీ ఆ పిల్లకు వద్దు."

ఆమె చేసే చాకిరీ ఏమిటో నేను ఇక్కడ రాయను. కాళ్లతో పాటు ఇంకా ఏమేం పోతాయో పోయినవాడికే తెలుసు, వాడి ఇంటి ఆడదానికి తెలుసు. నాకు ఆమె మీద కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన కోపం. వచ్చినందుకు కొంచెం ఆశ్చర్యం కూడా వేసింది.

మరునాడు సాయంత్రం అన్న ఆముదం గిన్నెతో వచ్చాడు. కొత్త తువ్వాలు కొనుక్కున్నాడు, తాడు పట్టే రోజుకని. దేవమ్మను అంగడికి పంపి రెండు గోలీసోడాలు తెప్పించాను. తాగడానికేమో అనుకున్నాడు అన్న.

"తాగొద్దు. నొక్కు," అన్నాను. "గట్టిగా."

నొక్కాడు. పొంగి వాడి చేతుల మీదుగా కొత్త తువ్వాలు మీద పడింది. తుడుచుకుంటూ నవ్వాడు. రెండోది నేను తీసుకుని, మా మేస్త్రీ చేసినట్టే, గోలీని కొంచెం నొక్కి, ఆపి, కొంచెం నొక్కి, ఆపి గాలి వదిలాను. చాలాసేపు పట్టింది. వాడు చూస్తూ కూర్చున్నాడు. లోతున మనిషి ఒంట్లో గాలి ఎట్లా అణిగి ఉంటుందో చెప్పాను. పీలికల దగ్గర ఆపమనేది అందుకేనని చెప్పాను. గొయ్యిలో వాసన వచ్చినా కాశప్ప పీల్చేది వీపున ఉన్న గాలినేనని, ఆ చెడుగాలి వాణ్ణి ముట్టదని చెప్పాను. గొంతు మామూలుగానే ఉంది. ఎవరి సంగతో చెబుతున్నట్టే చెప్పాను.

వాడు ఖాళీ అయిన సోడాబుడ్డిని చేతిలో తిప్పుతున్నాడు. లోపల గోలీ దొర్లుతోంది.

"మనిసి గూడా ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"టోపీ పెట్టుకున్నోడు గూడా?"

"టోపీ పెట్టుకున్నోడు గూడా."

గోలీ దొర్లడం ఆగింది. మగ్గాలు ఆగిపోయే వేళ అది. వీధిలో చప్పుడు లేదు.

"ఆ పొద్దు నువ్వు బాగుండావా లోపల?" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి అదే చివరి వీలు. చెప్పి ఉంటే వాడు నమ్మేవాడు. నమ్మి జొన్నగిరికి పోయేవాడు.

"బాగుంటి అన్నా."

వాడు బుడ్డిని నేల మీద జాగ్రత్తగా పెట్టాడు, పగిలిపోతుందేమో అన్నట్టు. ఆముదం గిన్నెను తీసి పక్కకు జరిపాడు. లేచి బయటికి పోయాడు. ఆ రోజు నా కాళ్లకు ఆముదం లేదు. నా కాళ్లకు దాని లోటు కూడా తెలియదు.

వాడు జొన్నగిరికి పోడేమో అనుకున్నాను. పోయాడు. అక్కడ జరిగింది నేను చూడలేదు. తర్వాత కాశప్ప మా ఇంటికి వచ్చి చెప్పాడు.

దిగే ముందు గోవిందన్న ఒక కంచంలో జొన్నసంగటి పెట్టించుకుని వచ్చాడట. ఒక ముద్ద తను తిని, ఒక ముద్ద కాశప్ప నోట్లో పెట్టాడట. తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. కాశప్ప అడుగున అనుకున్నదానికన్నా ఎక్కువసేపు ఉండిపోయాడు. గొట్టం వదిలించేసరికి సిలిండరులో గాలి తగ్గింది. పైకి తియ్యమని తాడు లాగాడు. అప్పుడే బురద కదిలి బుడగలు లేచాయి. అదే వాసన. ఒడ్డున ఉన్న కూలీలంతా లాగు గోవిందన్నా లాగు అని కేకలు. మూడేళ్ల కింద లాగినవాళ్లలో కొందరు వాళ్లలో ఉన్నారు. గోవిందన్న నిదానంగా లాగాడు. గుర్తు చేతికి తగలగానే ఆపేశాడు. వాళ్లు తిట్టారు. పిల్లోణ్ణి సంపుతాండావా అన్నారు. ఇద్దరు ముందుకొచ్చి తాడు పట్టుకోబోయారు. వాడు తాడును తన నడుముకు చుట్టుకుని, కాళ్లు రాతికి తన్నిపెట్టి, నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. తాడు లాగాలంటే వాణ్ణి కూడా లాగాలి. భీమసేనరావు గారు అడ్డం నిలబడ్డారు. గోవిందన్న కళ్లు మూసుకుని అట్లాగే ఉన్నాడట. అంతసేపూ కాశప్ప నీళ్లలో వేలాడదీసిన సిలిండరు పట్టుకుని ఊపిరి పీల్చుకుంటూ, పైన ఏమవుతోందో తెలియక, ఈ మనిషి భలే తాడు పట్టాడే అనుకున్నాడట.

"ఆయన నోట్లో ఏందో అనుకుంటాండె అంట," అన్నాడు కాశప్ప. "పక్కనున్నోళ్లు ఇన్న్యారు. నాయనా, నాయనా అంటాండె అంట."

ఈ మాట చెప్పి కాశప్ప లేచాడు. నా మంచం ముందర నిలబడి దండం పెట్టి, చెప్పులు వేసుకుని, నడిచి వెళ్లాడు. నేను వాడి కాళ్ల వైపే చూస్తూ ఉన్నాను, వీధి మలుపు తిరిగేదాకా. నాకు సంతోషంగా ఉండాలి. ఉండాలని తెలుసు.

అన్న నాలుగు నాళ్లు రాలేదు. దేవమ్మ అన్నం తీసుకుపోయి వాడి గుడిసెలో పెట్టి వచ్చేది. తింటున్నాడా అని అడిగితే, గిన్నె ఖాళీగానే వస్తోందని చెప్పేది. టీ అంగట్లో వాణ్ణి కూర్చోబెట్టి కొత్త కథ చెప్పమంటే, లేచి పోయాడని మగ్గాల వీధిలో అనుకున్నారు.

ఐదో నాడు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. ఆముదం గిన్నె చేతిలో ఉంది. నా మొహం చూడలేదు. కాళ్ల దగ్గర కూర్చుని, ముందు ఎడమ కాలు ఒళ్లో పెట్టుకున్నాడు. మడమ నుంచి మోకాలి దాకా రుద్దాడు. తర్వాత కుడి కాలు. మామూలుగా పట్టేదానికన్నా ఎక్కువసేపు రుద్దాడు. బొటనవేలి దాకా వచ్చాడు. రెండు వేళ్లతో పట్టి నొక్కాడు.

నేను ఆ ప్రశ్న కోసం చూస్తున్నాను. వాడు అడగలేదు. వేలిని అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. దేవమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలకడం ఆపి ఇటు చూస్తోంది.

"కొంచెం తెలుస్తాందన్నా," అన్నాను నేనే.

"అబద్ధం సెప్పొద్దురా," అన్నాడు.

మళ్లీ గిన్నెలో వేళ్లు ముంచుకుని, మడమ దగ్గర నుంచి మొదలుపెట్టాడు.